కుడి వెనక లాక్ నట్

నేను పానా కింద పెట్టి నాలుగేళ్లు దాటింది. ఇప్పటికీ షెడ్డు వైపు వెళ్తే కొత్తగా చేరినవాళ్లు స్టూలు వేసి కూర్చోబెట్టి, "ఉస్తాద్, పాత ముచ్చట ఒకటి చెప్పు" అంటారు. వాళ్లకు కావలసింది నేను బాగుచేసిన బండ్ల కథలు. అవి బోలెడున్నాయి, వాటిలో సగం నిజం కూడా. ఇది మాత్రం వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. నోటితో చెప్తే ఎదుటివాళ్లు ముఖంలోకి చూస్తారు. రాస్తే ఆ తక్లీఫ్ లేదు, అందుకని రాస్తున్నాను.

మా షెడ్డు సీతాఫల్‌మండి దగ్గర, రైలు పట్టాల పక్క సందులో ఉంది. బయటి నుంచి చూస్తే ఆటోలు బాగుచేసే చోటేమో అనుకుంటారు. లోపల రెండు లిఫ్టులు ఉండేవి. నేలకు జానెడు ఎత్తున తిరిగే స్పోర్ట్స్ కార్లు ఊరి నలుమూలల నుంచీ వచ్చేవి. సందు మొదట్లో మున్సిపాలిటీ వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్ ఒకటుంది. ఆ కార్లను దాని మీదుగా కడుపు రాసుకోకుండా దాటించడం మా ఉద్యోగంలో సగం. అటూ ఇటూ చెక్కలు వేసి, ముందు ఒకడు వెనక ఒకడు వంగి చూస్తూ పది నిమిషాలు నడిపించేవాళ్లం. అంతసేపూ సందు సందంతా ఆగి చూసేది.

పెద్ద మేస్త్రీలం ఇద్దరం. ఒకణ్ని నేను. రెండో ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. మల్కాజ్‌గిరిలో ఉండేవాడు, లోకల్ రైల్లో వచ్చేవాడు. నన్ను గురువుగారు అని పిలిచేవాడు. పని మాత్రం నాకంటే బాగా చేసేవాడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎన్నడూ పైకి అనలేదు. నేను గంటలో చేసేది ఆయన గంటన్నరలో చేసేవాడు. ఆయన చేసిన పని తిరిగి రావడం మాత్రం నేను చూడలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముఖ్యమైన నట్టు ఏదైనా టార్క్ రెంచితో, అంటే కావలసినంత బిగువు రాగానే టక్కుమనే పానాతో, బిగించాలి. బిగించినవాడే నట్టు మీదుగా బోల్టు మీదికి ఎర్ర పెయింటుతో చిన్న గీత గీయాలి. నట్టు వదులైతే గీత విరిగినట్టు కనబడుతుంది. ఆ గీత ఆ మనిషి మాట కింద లెక్క. ఒకరు గీత పెట్టిన నట్టు మీద ఇంకొకరు పానా పెడితే పెద్ద అవమానం. ఒకసారి ఎవరో అలా చేస్తే రెండు వారాలు మాటలు నడవలేదు. అందుకని బండి బయటికి పోయేముందు నేను కిందకు దూరి, టార్చి వేసి, గీతలు చూసి, "చూసిన" అనేవాణ్ని. నేను ఆ మాట అంటేనే బండి షట్టర్ దాటేది. ఆ మాటకు ఉన్న విలువ చూసి నాకు లోలోపల కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆమె సైనిక్‌పురి నుంచి వచ్చింది. మిలిటరీలో చేసి రిటైరైన ఆఫీసరుగారి అమ్మాయి, పళ్ల డాక్టరు. ముప్పై అయిదు దాటి ఉంటాయి. రెండు తలుపుల ఎర్ర కారు, వెనక చక్రాలు తోలే రకం. నెలకోసారి మద్రాసు వైపున్న రేసు ట్రాక్‌కు తీసుకెళ్లి తిప్పేది. పోటీలకు కాదు, డబ్బు కట్టినవాళ్లెవరైనా వెళ్లి తమ బండి తిప్పుకునే రోజులుంటాయి, వాటికి. వచ్చేవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

మొదటి రోజే ఆమె చెప్పిన మాట నాకు నచ్చింది.

"ఉస్తాద్, నాకు స్పీడ్ పెంచక్కర్లేదు. మలుపులో వెనక భాగం ఒక్కోసారి కదులుతోంది. నేను తప్పుగా తిప్పానా, బండి కదిలిందా తెలియట్లేదు. అక్కడ అందరూ నేనే అంటారు. కావచ్చు. కానీ నాకు క్లియర్‌గా తెలియాలి."

వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది శబ్దం పెంచమనో, చూసేవాళ్లు తల తిప్పేలా చేయమనో అడుగుతారు. తన తప్పు ఎంతుందో తెలుసుకోవడానికి బండి విప్పించుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆమె అడిగిందాంట్లో పస ఉంది. కంపెనీ నుంచి వచ్చే కారులో వెనక చక్రాన్ని పట్టి ఉంచే రాడ్ల చివర రబ్బరు బుష్‌లు ఉంటాయి. గుంతల రోడ్డు మీద నడుం నొప్పి రాకుండా కాపాడేవి అవే. ట్రాక్ మీద గట్టిగా మలుపు తిప్పితే ఆ రబ్బరు నలుగుతుంది, చక్రం వెంట్రుకవాసి పక్కకు తిరుగుతుంది. రబ్బరు తీసేసి ఇనప గుండు కీళ్లున్న రాడ్లు వేస్తే చక్రం పెట్టినచోట ఉంటుంది. వాటిలో ఒక రాడ్డు పొడవును మరలు తిప్పి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చక్రం సూటిగా ఉందా, ముందు అంచు బయటికి తిరిగిందా అన్నది ఆ పొడవు మీదే ఉంటుంది. పొడవు కుదిరాక అది జరగకుండా ఒక లాక్ నట్టు బిగిస్తారు. ఈ కథకు ఇంతవరకు తెలిస్తే చాలు.

"ఇవి వేసినంక బండి సాకు చెప్పది మేడమ్," అన్నాను. "ఏదన్న అయితే చేతులదే."

"అదే కావాలి," అంది.

పని మా శ్రీకాకుళం ఆయన చేశాడు. నాలుగు రోజులు పట్టింది. దసరా ముందురోజు సాయంత్రానికి అన్నీ ఎక్కించాడు, పొడవులు కొలిచి కాగితం మీద రాశాడు, గీతలు పెట్టాడు. ఇంతలో పూజకని పనిముట్లు కడగడం షురూ చేశారు. టార్క్ రెంచి కూడా బకెట్లోకి పోయింది.

"కుడి పక్క వెనక లాక్ నట్టొకటి సేత్తో బిగించి ఒగ్గేసాను గురువుగారూ," అన్నాడు. "పండగ మర్నాడు పొద్దున్నే వచ్చి పానా పెట్టేస్తాను."

సరే అన్నాను. విన్నాను కూడా. వినలేదని చెప్పుకునే వీలు లేదు.

దసరా రోజు మా షెడ్డులో పానా ముట్టరు. పనిముట్లన్నీ గుడ్డ మీద పేర్చి, బంతిపూలు వేసి, మర్నాటిదాకా అలాగే ఉంచుతాం. ఇది అందరూ చేసేదే. మా శ్రీకాకుళం ఆయన ఇంకొకటి చేసేవాడు. బండికి కొత్తగా వేసిన సామాను ఏదుందో వెతికి మరీ దానికి పసుపు కుంకుమ పెట్టేవాడు. "కొత్త ఇనుము ఇంటికొచ్చింది గదండీ, బొట్టెట్టకుండా ఎలా పంపుతాం" అనేవాడు. ఇనుము మీద నిలవాలని కుంకుమలో రెండు చుక్కల నూనె వేసి కలిపేవాడు. లిఫ్టు మీద ఉన్న ఆ ఎర్ర కారు కిందకు దూరి, వెనక రెండు చక్రాల దగ్గరా కొత్త రాడ్లకు వేలితో రాసుకుంటూ తిరగడం నేను చూశాను. కొబ్బరి ముక్క నములుతూ చూశాను.

మర్నాడు ఆయన ఎక్కవలసిన రైలు ఆలస్యమైంది. కారును మద్రాసు తీసుకెళ్లే లారీ మాత్రం చెప్పినదానికంటే గంట ముందే వచ్చి సందు మూసేసింది. వెనక పాలబండి హారన్ కొడుతోంది. నేను కిందకు దూరి టార్చి వేశాను. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఎరుపు. పండగ ముందురోజే ఎలాగో టైం చేసుకుని బిగించేశాడు కాబోలు అనుకున్నాను. గీతకూ, వేలితో రాసిన మరకకూ తేడా తెలియనంత గుడ్డివాణ్ని కాను. నేను తేడా కోసం చూడలేదు. ఎరుపు ఉందా లేదా అని చూశాను, ఉంది. చూసిన అన్నాను.

రైల్లో నుంచి ఆయన ఫోన్ చేశాడు. "ఆ లాక్ నట్టు సూసారా గురువుగారూ?"

"చూసిన," అన్నాను మళ్లీ. లారీ అప్పటికే మూల తిరిగింది.

నేనూ రైల్లో మద్రాసు వెళ్లాను. కొత్త సామాను వేసిన మొదటిసారి బండి వెంట ఉండడం నా అలవాటు.

ట్రాక్ దగ్గర పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది. వేర్వేరు ఊళ్ల షెడ్ల నుంచి మాలాంటి మేస్త్రీలు చాలామంది వచ్చారు. అందరం ఒకరికొకరు తెలిసినవాళ్లమే, పక్కవాడి బండిలో ఏం చెడిపోతుందా అని చూస్తూ టీ తాగేవాళ్లమే. ఆమె హెల్మెట్ పెట్టుకుని నా వైపు బొటనవేలు చూపించి వెళ్లింది. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో, ఎదురుగా కనిపించే ఎడమ మలుపులో, బండి వెనక భాగం ఒక్కసారిగా బయటికి విసురుకుంది. రెండు గిరికీలు కొట్టి, దుమ్ము లేపుకుంటూ గడ్డిలోకి పోయి ఆగింది. గోడ ఇంకా చాలా దూరంలో ఉంది. ఆమెకు ఏమీ కాలేదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఆ అర నిమిషం నాకు ఎవరూ చెప్పలేదు.

బండిని తోలుకుని ఆమే లోపలికి తెచ్చింది. దిగి హెల్మెట్ తీసి నేల మీద కూర్చుంది.

"ఎడమకి మాత్రమే ఉస్తాద్," అంది. "కుడి మలుపులన్నీ బాగున్నాయి. ఎడమకి తిప్పగానే వెనక నాది కాదన్నట్టు పోయింది. చూడండి ఒకసారి."

జాకీ వేసి కిందకు దూరాను. కుడి వెనక రాడ్డు దగ్గర చెయ్యి పెట్టగానే లాక్ నట్టు వేళ్లతోనే తిరిగింది. అదురుకు రాడ్డు మరల మీద జరిగిపోయి, చక్రం ముందు అంచు బయటికి తిరిగి ఉంది. ఎడమకు తిప్పినప్పుడు బరువంతా కుడి చక్రం మీదే పడుతుంది. గిరికీ కొట్టక ఏం చేస్తుంది? చెయ్యి బయటికి తీసి చూసుకుంటే బొటనవేలికి ఎర్రగా జిడ్డు అంటింది. వాసన చూశాను. కొబ్బరినూనె.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే నట్టు వదులవడం నా అసలు తప్పు కాదు. అలాంటివి ప్రతి షెడ్డులోనూ జరుగుతాయి. దిద్దుకోవచ్చు.

బండి చుట్టూ అయిదారుగురు మేస్త్రీలు చేరారు. ఒకాయన వంగి, "ఏమైంది ఉస్తాద్, కొత్త సామాను పడలేదా?" అని నవ్వాడు. నేను రాడ్డును కాగితం మీద రాసిన కొలతకు తిప్పాను. నట్టు బిగించాను. ఎరుపు గుడ్డతో తుడిచేశాను. అన్నీ కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. బయటికొచ్చి చేతులు దులుపుకున్నాను.

"ఏం గాలే మేడమ్. బండి మంచిగనే ఉంది," అన్నాను. "గీ ట్రాక్‌ల కుడి మలుపులు ఎక్కువ. ఎడమ టైర్లు వేడెక్కుతయ్, కుడి టైర్లు సల్లగ ఉంటయ్. ఎడమకు తిప్పితే జారుతది. జెర తొందరపడ్డరు."

అబద్ధం కూడా పనితనంతో చెప్పాను. అందులో ప్రతి ముక్కా విడిగా నిజమే. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆమె కూడా ఊపింది.

"నేను ఏం తొందరపడలేదే అనిపించింది," అంది మెల్లగా. తర్వాత, "సరే. మీరు చూశారు కదా" అంది.

మధ్యాహ్నం మళ్లీ తిప్పింది. బండి పట్టాల మీద ఉన్నంత కుదురుగా ఉంది, అది నాకు గట్టు మీద నుంచే తెలుస్తోంది. ఆమె మాత్రం ఆ ఎడమ మలుపు వచ్చేసరికి స్కూలు బస్సు తోలినట్టు తోలింది. వెనక వచ్చినవాళ్లందరూ దాటిపోయారు. నాలుగింటికి తనే చాలని ఆపేసింది. నేను తిరుగు రైలెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను. అప్పటికి నాకు గండం గడిచిందన్న నిమ్మళమే ఉంది, సిగ్గు ఇంకా రాలేదు.

షెడ్డుకు రాగానే ఎర్ర పెయింటు సీసా చెత్తలో పడేసి పసుపుపచ్చది తెప్పించాను. పాతది ఎండిపోయిందని చెప్పాను. మా శ్రీకాకుళం ఆయన సీసా వంక చూశాడు, నా వంక చూశాడు, మూత తీసి పనిలో పడ్డాడు.

నాలుగు నెలల తర్వాత ఆమె కారు తెచ్చింది. కొత్త రాడ్లు విప్పేసి, పాత రబ్బరు బుష్‌లవే మళ్లీ వేయమంది. కారు అమ్మేస్తోందట, కొనేవాళ్లకు కంపెనీ సామానే కావాలట.

"అమ్ముతున్నరా?" అన్నాను.

"ఇంకేం చేయను ఉస్తాద్? ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఎడమ మలుపు వస్తే చేతులు బిగుసుకుపోతున్నాయి. మీరు అంత పర్ఫెక్ట్‌గా చేసిచ్చాక కూడా నాకు రాలేదంటే, వాళ్లన్నది కరెక్టే. నేను తెలుసుకుందామనుకున్నది తెలిసింది. థాంక్స్." ఆమె నవ్వింది. "క్లినిక్‌లో కూడా ఒక్కోసారి డ్రిల్ పట్టుకుని ఆగిపోతున్నా. పిచ్చి కదా."

ఆమె ఫోన్ వస్తే బయటికి వెళ్లింది. కారు లిఫ్టు మీద ఉంది. మా శ్రీకాకుళం ఆయన కింద నిలబడి కుడి వెనక రాడ్డు విప్పుతున్నాడు. నా వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"ఈ నట్టు మీద నేను గీత ఎట్టలేదు గురువుగారూ. ఇప్పుడు సూస్తే పసుపుపచ్చ గీతా లేదు, ఎర్ర గీతా లేదు. నట్టు మట్టుకు బిర్రుగా ఉంది."

నేను బల్ల మీది పానాలు సర్దడం మొదలుపెట్టాను.

"బొట్టెట్టింది నేనే. పెయింటు రంగెందుకు మార్సారో ఆ రోజే తెలిసింది నాకు. మీరే సెప్తారని సూసాను. ఆవిడకేదో అయ్యుంటే అప్పుడే సెప్పుదును. ఏం అవలేదు గదా అని ఊరుకున్నాను." రాడ్డు విప్పి గుడ్డలో పెట్టాడు. "అయింది. సూసారు గదా. మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

ఇరవై ఏళ్లలో ఆ మనిషి నాతో అలా మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. అది పోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను కానీ, ఆమె ఫోన్ ముగించుకుని లోపలికి వచ్చేలోపు పోయింది.

"మేడమ్, ఆ రోజు బండి తప్పు," అన్నాను. "లాక్ నట్టు బిగించలే. నేను చూడకుండ చూసిన అన్న. ట్రాక్ మీద నాకు దొరికింది. తుడిచేసి మీ మీద పెట్టిన."

ఆమె లిఫ్టు దగ్గరికి వచ్చి వెనక చక్రాల వైపు తలెత్తి చూసింది.

"ఏ పక్క?"

"కుడి వెనక."

"అంటే ఎడమ మలుపు."

"అవు."

"టైర్ చల్లగా ఉందన్నారు."

"అన్న."

"స్పిన్ అయింది, సరే. నాకేమైనా అయ్యుంటే అదీ వేరే సంగతి," అంది. గొంతు పెంచలేదు. "కానీ ఆ క్షణంలో నాకు తెలుసు ఉస్తాద్. నా చేతులు కరెక్ట్‌గానే ఉన్నాయని నాకు తెలిసింది. నేను మీతో అన్నాను కూడా. మీరు కాదంటే, నా చేతుల్ని కాదనుకుని మిమ్మల్ని నమ్మాను. నాలుగు నెలలు."

మా శ్రీకాకుళం ఆయన ముందుకు వచ్చి, బొట్టు పెట్టింది తనేనని, అదే గీతలా కనబడిందని చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఆ నట్టు సంగతి మీరు ఈయన్ని అడిగారా, లేదా?" అంది. ఫోన్ చేసి అడిగానన్నాడు. "అయితే చాలు."

నేను క్షమించమని అడిగాను. ఆమె వినిపించుకోనట్టు, పాత సామాను వేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. మాట ఇచ్చేసింది కనుక కారు అమ్మక తప్పదట. సాయంత్రానికి అవుతుందని చెప్పాను. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు. ప్రతి నట్టూ బిగించేటప్పుడు పక్కన నిలబడి, టక్కుమన్న శబ్దం తన చెవులతో విని, తర్వాతి నట్టు దగ్గరికి పోయింది. సందు మొదట్లో చెక్కలు వేసి బండిని దాటించేటప్పుడు నేను ముందు వంగి చూస్తున్నాను. ఆమె అద్దం దించలేదు.

ఆ తర్వాత షెడ్డులో పద్ధతి మారింది. గీత ఉన్నా లేకున్నా ప్రతి నట్టు మీదా రెండో మనిషి పానా పెట్టి తీరాలి. అవమానం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఇప్పుడు అక్కడ పని నేర్చుకుంటున్న మీకు అది విసుగుగా ఉంటుందని తెలుసు, ముసలాడు పెట్టిన చాదస్తం అనుకుంటారని కూడా తెలుసు. నట్ల సంగతి ఆ పద్ధతి చూసుకుంటుంది. ఎవరైనా తన చేతులను నమ్మాలా, మీ మాటను నమ్మాలా అని మీ ముఖంలోకి చూసినప్పుడు ఏం చెప్తారో, దానికి పద్ధతేమీ లేదు.

నేను పని మానేశాక షెడ్డు పెద్దరికం మా శ్రీకాకుళం ఆయనకే వచ్చింది. దసరాకు ఇప్పటికీ బొట్లు పెడతాడు. ఆ మధ్య కలిసినప్పుడు ఆమె కబురు చెప్పాడు. ఇంకో కారు కొన్నదట, మళ్లీ ట్రాక్‌కు వెళ్తోందట, ఆ ఎడమ మలుపులో ఇప్పుడు ఎవరికీ దారి ఇవ్వడం లేదట. పని ఎక్కడ చేయించుకుంటోందని అడిగాను. బోయిన్‌పల్లి వైపు ఒక షెడ్డులోనట, మంచివాళ్లేనట.

నేనైనా మా దగ్గరికి తెచ్చేవాణ్ని కాదు.